వేలి కొసన ఎర్ర వెలుగు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను వైద్యుణ్ణి కాను. కళాశాలలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మందుల గురించి, పథ్యాల గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాని ఇవాళ మనలో చాలామంది ఇళ్ళలో బి.పి. మిషను పక్కనే మరో చిన్న పరికరం ఉంది. బట్టలారేసే క్లిప్పులాగా వేలికి తగిలించుకుంటాం. పల్స్ ఆక్సీమీటరు అంటారు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా భయంతో కొన్నాం, ఇప్పుడు సొరుగులో పెట్టాం. ఆయాసంగా ఉన్నప్పుడు, నిద్రపట్టనప్పుడు తీసి చూసుకుంటున్నాం. దాని లోపల జరిగేదంతా కాంతిశాస్త్రమే కనుక ఆ ఒక్క విషయం గురించి మాట్లాడే చొరవ తీసుకుంటున్నాను. అది ఏమి చూడగలదో మనం తెలుసుకోవాలి. ఏమి చూడలేదో అంతకన్నా ముఖ్యంగా తెలుసుకోవాలి.

రక్తం రంగు చెప్పే కబురు

సెల్‌ఫోను ఉన్నవారు ఒక్కసారి టార్చి వెలిగించి దానిమీద చూపుడువేలు ఆనించండి. వేలు ఎర్రగా వెలుగుతోంది గదా! చిన్నప్పుడు బ్యాటరీ లైటు అరచేతిలో మూసి మనమంతా ఆడిన ఆటే ఇది. టార్చినుంచి వెలువడేది తెల్లని వెలుగు. వేల్లోంచి ఇవతలికి వచ్చింది ఎరుపు. తక్కిన రంగులు ఏమయ్యాయి? నీలాన్ని, ఆకుపచ్చను చాలామటుకు రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేసింది. ఎరుపును మాత్రం అంతగా ముట్టుకోలేదు.

ఈ హిమోగ్లోబినే ఊపిరితిత్తులనుంచి ప్రాణవాయువును మోసుకుపోయి ఒళ్ళంతా పంచిపెట్టే కూలీ. బరువు నెత్తిన ఉన్నప్పుడు ఒక రంగు, దించాక మరో రంగు. ప్రాణవాయువు నిండుగా ఉన్న రక్తం మంకెన పువ్వులా ఎర్రగా ఉంటుంది. అది వదిలేసిన రక్తం నల్లబారిన ఎరుపుగా ఉంటుంది. కాంతిని హిమోగ్లోబిన్ ఎలా పీల్చుకుంటుందో 1862లో జర్మన్ శాస్త్రవేత్త హోప్పె సెయ్‌లర్ వర్ణించాడు. ప్రాణవాయువు తీసేస్తే ఆ తీరు మారిపోతుందని 1864లో కేంబ్రిడ్జిలో స్టోక్స్ నిరూపించాడు. అంటే రక్తం రంగు చూసి అందులో ఎంత ప్రాణవాయువు ఉందో చెప్పవచ్చునన్నమాట.

కంటితో చూసి ఎందుకు చెప్పకూడదు? పూర్వం ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందు ఇచ్చే డాక్టర్లు రోగి పెదవులు, గోళ్ళు నీలబడుతున్నాయా అని చూస్తూ కూర్చునేవారు. కాని మన కన్ను చాలా ఆలస్యంగా గుర్తిస్తుంది. రక్తంలో ప్రాణవాయువు 80 శాతం దరిదాపులకు పడిపోయేదాకా చూసేవాళ్ళలో చాలామంది ఆ నీలిరంగును గుర్తుపట్టలేకపోయారని 1947లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తేల్చింది. ఆపాటికి ప్రమాదం గడప దాటి లోపలికి వచ్చేసినట్టే.

రొదలోంచి పుట్టిన విద్య

కంటికన్నా నమ్మకమైన సాధనం కోసం చాలామంది ప్రయత్నించారు. 1935లో జర్మనీలో కార్ల్ మాథెస్ చెవి తమ్మెగుండా కాంతి పంపి ప్రాణవాయువును కొలిచాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఎత్తున ఎగిరే విమాన చోదకులు స్పృహ తప్పుతున్నారని గ్లెన్ మిల్లికన్ చెవికి తగిలించే పరికరం చేశాడు. ఆక్సీమీటరు అన్న పేరు ఆయన పెట్టిందే. 1937లో హెర్ట్‌జ్‌మన్ అనే ఆయన వేలిమీద కాంతి వేసి, నాడి కొట్టుకున్నప్పుడల్లా తిరిగివచ్చే వెలుగు ఎలా ఎక్కువ తక్కువలు అవుతుందో గీతగా గీయించాడు.

అయితే ఒక చిక్కు ఉంది. చెవిగుండా పోయే కాంతిని రక్తం ఒక్కటే మింగదు. చర్మం, కొవ్వు, కండ, సిరల్లో నిలిచిన రక్తం అన్నీ తలా కాస్తా మింగుతాయి. అందులో ధమని రక్తం వాటా ఎంత? ఒకరి చెవి మందం, ఒకరిది పలచన. ఈ లెక్క తేల్చడానికి చెవిని నొక్కి రక్తం లేకుండా చేసి ఒకసారి, వదిలి మరొకసారి కొలిచేవారు. రోజూ ఆస్పత్రిలో వాడడానికి అది కుదిరే పని కాదు.

ఈ చిక్కుముడి విప్పినవాడు జపాన్ దేశస్థుడు టకువో అయోయాగి. 1936లో పుట్టాడు. టోక్యోలోని నిహోన్ కోడెన్ కంపెనీలో ఇంజనీరు. నిజానికి ఆయన వెతుకుతున్నది ఇది కాదు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తున్నదో కొలవాలని చూస్తున్నాడు. సిరలోకి రంగుమందు ఎక్కించి, అది రక్తంలో ఎలా పలచబడుతున్నదో చెవి దగ్గర కాంతితో గమనించే పద్ధతి అది. కాని గీత నున్నగా రావడంలేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక అల వచ్చి గీతను వంకర చేస్తోంది. ఆ రొదను తీసేయడానికి మరో రంగు కాంతిని కూడా పంపి, రెండింటినీ పోల్చి, ఒకదాని అలతో మరోదాని అలను కొట్టివేయబోయాడు. బాగానే కుదిరింది. కాని రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మాత్రం లెక్క చెడిపోతోంది.

ఇంకొకరైతే విసుక్కుని ఊరుకునేవారు. ఆయన తిరగేసి ఆలోచించాడు. ప్రాణవాయువు తగ్గితే లెక్క చెడుతోందంటే, ఆ చెడిన మేర కొలిస్తే ప్రాణవాయువు ఎంతో తెలియాలి గదా! పైగా గుండెతోపాటు కొట్టుకునేది ధమని రక్తమే. చర్మం కొట్టుకోదు, ఎముక కొట్టుకోదు. కనుక ఆ అలను మాత్రమే చూస్తే తక్కిన గొడవంతా వదిలిపోతుంది.

మన భాషలో చెప్పాలంటే పెన్షన్ బిల్లులాంటిది. మూల పెన్షన్ ప్రతి నెలా అంతే. కరువు భత్యం మారుతూ ఉంటుంది. ఈ నెలకూ పోయిన నెలకూ తేడా తీస్తే మూల పెన్షన్ కొట్టుకుపోయి, మారిన కరువు భత్యం మాత్రమే మిగులుతుంది. ఆక్సీమీటరు చేసే పని ఇదే. తనలోకి వచ్చిపడే వెలుగులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే గుండెతోపాటు హెచ్చుతగ్గులవుతుంది. ఆ ఒకటి రెండు పాళ్ళనే అది పట్టుకుంటుంది.

అయోయాగి 1974లో ఒసాకాలో జరిగిన సమావేశంలో ఈ సంగతి వెల్లడించాడు. అదే సంవత్సరం కంపెనీ జపాన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. విదేశాల్లో చేయలేదు. 1977లో కెమెరాలు తయారుచేసే మినోల్టా కంపెనీ వేలికి తగిలించే పరికరం తెచ్చింది. 1983లో నెల్‌కోర్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన పరికరంతో ఇది ఆపరేషన్ థియేటర్లలోకి వెల్లువలా వచ్చింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతకు ప్రకటించిన పట్టికలో మత్తు ఇచ్చేముందు రోగికి పల్స్ ఆక్సీమీటరు పెట్టారా అని చూడడం ఒక అంశం. మనలో ఇటీవల కంటి ఆపరేషనుకో మోకాలి ఆపరేషనుకో వెళ్ళివచ్చినవారంతా ఆ ఎర్ర క్లిప్పు చూసే ఉంటారు. అయోయాగి 2020 ఏప్రిల్ 18న కన్నుమూశాడు. ప్రపంచమంతా ఆయన పరికరం కోసం మందుల దుకాణాలముందు వరుసలు కడుతున్న సమయం అది.

95 అంటే అర్థం ఏమిటి?

క్లిప్పులో రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, మనకు కనిపిస్తుంది. రెండోది 940 నానోమీటర్ల పరారుణ కాంతి, కంటికి కనిపించదు. ఎర్రకాంతిని ప్రాణవాయువు లేని రక్తం ఎక్కువగా మింగుతుంది. పరారుణాన్ని ప్రాణవాయువు ఉన్న రక్తం ఎక్కువగా మింగుతుంది. రెండు అలల నిష్పత్తి తీసి, పరికరం తన జ్ఞాపకంలో ఉన్న పట్టికతో పోల్చి, 95 అనో 97 అనో అంకె చూపిస్తుంది. హిమోగ్లోబిన్ మోయగలిగిన ప్రాణవాయువులో ఇప్పుడు 95 శాతం మోస్తున్నదని దాని అర్థం.

ఆ పట్టిక ఎక్కడినుంచి వచ్చింది? సూత్రంనుంచి రాలేదు. ఆరోగ్యంగా ఉన్న వయోజనులను కూర్చోబెట్టి, ప్రాణవాయువు తగ్గించిన గాలి పీల్పించి, వారి ధమని రక్తాన్ని పరీక్షించి, పరికరం నిష్పత్తితో జతచేసి తయారుచేశారు. 70 శాతం కిందికి మనుషులను తీసుకుపోవడం తగదు కనుక అంతకన్నా కింది అంకెలు అంచనాలే. పైన కూడా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. కనుక నిన్న 97, ఇవాళ 96 అని బెంగపడనక్కరలేదు. నిన్న 97 ఉండి ఇవాళ నిలకడగా 92 ఉంటే మాత్రం తేలికగా తీసుకోకూడదు.

ఇక్కడ మన వయసువాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. అది శాతమే గాని మొత్తం కాదు. వంద బస్తాలు మోయగల ఎడ్లబళ్ళు ఉంటే 98 బస్తాలు ఎత్తాయని శాతం చెబుతుంది. అసలు బళ్ళే సగం ఉంటే? లెక్క చూడండి. హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న మనిషికి ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉంటుంది. రక్తహీనతతో అది 7.5 గ్రాములకు పడిపోతే 10 మిల్లీలీటర్లే ఉంటుంది. ఆక్సీమీటరు మాత్రం ఇద్దరికీ 98 అనే చూపిస్తుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే ఇల్లాలు వేలికి క్లిప్పు పెట్టుకుని "అంతా బాగానే ఉంది" అనుకోవడానికి వీల్లేదు. ఆవిడకు కావలసింది రక్తపరీక్ష.

మరొకటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేరుతుంది. ఆ విషవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది. రెండు దీపాల పరికరం దాన్ని ప్రాణవాయువే అనుకుని మంచి అంకె చూపిస్తుంది. అలాంటి గదిలో మనిషి తలనొప్పితో, వాంతులతో తూలుతుంటే అంకె చూడకండి. బయటి గాలిలోకి తీసుకువచ్చి ఆస్పత్రికి పరుగెత్తండి.

మన చర్మం రంగు సంగతి

సిద్ధాంతం ప్రకారం చర్మం కొట్టుకోదు కనుక దాని రంగుతో పని లేదు. ఆచరణలో అలా తేలలేదు. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే సందర్భాలున్నాయని 1990లోనే అమెరికన్ వైద్యులు రాశారు. 2005లో మరో పరిశీలన అదే చెప్పింది. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిచిగాన్ వైద్యులు లెక్కలతో ప్రకటించాక అందరూ ఉలిక్కిపడ్డారు. పరికరం 92నుంచి 96 వరకు చూపిస్తున్న రోగుల ధమని రక్తం పరీక్షిస్తే, అసలు విలువ 88కన్నా తక్కువ ఉన్నవి నల్లవారి పరీక్షల్లో 11.7 శాతం, తెల్లవారి పరీక్షల్లో 3.6 శాతం.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక పరికరాన్ని కనీసం 10 మందిమీద పరీక్షిస్తే చాలు. వారిలో నల్లని చర్మంవారు ఇద్దరో, 15 శాతమో ఉంటే చాలు. 2025 జనవరిలో ఆ సంస్థ విడుదలచేసిన ముసాయిదాలో ఆ సంఖ్యను 150కి పెంచి, అన్ని రంగుల చర్మాలవారూ తగినంతమంది ఉండాలని ప్రతిపాదించింది.

ఈ సభలోనే ఎన్ని ఛాయలు ఉన్నాయో చూడండి. అమెరికాలోని లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. కాని చామనఛాయ, నలుపు ఎక్కువగా ఉన్న దేశంలో ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. 2021 ఏప్రిల్, మే నెలలు మీకు గుర్తున్నాయి గదా. ఇంట్లోనే ఉండాలా, పడక కోసం పరుగెత్తాలా అన్నది ఆ రోజుల్లో 94 అన్న అంకెతో తేలేది. మా కాలనీలో ఒక పెద్దమనిషి, మంచి నల్లని మనిషి, పొద్దుటినుంచి రొప్పుతున్నారు. మాట తెగుతోంది. వేలిమీద 95 చూపిస్తోందని ఇంట్లోవాళ్ళు ఆగారు. సాయంత్రం ఆస్పత్రికి తీసుకువెళ్ళి ధమని రక్తం పరీక్ష చేయిస్తే 86 వచ్చింది. ఆయన తిరిగి ఇంటికి రాలేదు. పొద్దునే వెళ్ళి ఉంటే దక్కేవారని చెప్పడం నా తరం కాదు. కాని ఆ పగలంతా ఆయన ఆయాసం ఒక మాట చెబుతోంది, అంకె ఇంకో మాట చెబుతోంది. ఇంటిల్లిపాదీ అంకె మాటే విన్నారు. ఇవాళ ఈ విషయం ఎంచుకోవడానికి నాకున్న ముఖ్యమైన కారణం అదే.

గడియారాలు, తక్కిన కాంతి విద్యలు

కాంతితో రక్తప్రసరణను కనిపెట్టే పద్ధతులు ఇంకా ఉన్నాయి. లేజరు కాంతి కదిలే రక్తకణాలమీద పడి తిరిగివచ్చేటప్పుడు దాని పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఒకలా వినిపించినట్టు. దీన్ని లేజర్ డాప్లర్ అంటారు. కాలిన గాయం ఎంత లోతుకు పోయిందో తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది. 1977లో జోబ్సిస్ అనే శాస్త్రవేత్త పరారుణకాంతి పుర్రె దాటి మెదడుదాకా పోయి రాగలదని చూపించాడు. గుండె ఆపరేషన్లప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందుతున్నదా అని చూడడానికి అది దారితీసింది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి మరో ఉపయోగం. కొందరికి కాలి ధమనుల గోడల్లో సున్నం పేరుకుని గట్టిపడతాయి. అప్పుడు చీలమండ దగ్గర పట్టీ కట్టి కొలిచిన రక్తపోటు ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ప్రసరణ బాగుందని భ్రమ కలుగుతుంది. కాలి బొటనవేలికి చిన్న పట్టీ, దాని కొసన కాంతి కొలిచే క్లిప్పు పెట్టి చూస్తే నిజం బయటపడుతుంది. పాదాలు తిమ్మిరెక్కేవారు, పుండు మానని వారు ఈ పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి.

ఇక పిల్లలు అమెరికానుంచి పంపే చేతి గడియారాలు. వాటి వెనక ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆకుపచ్చను రక్తం బాగా మింగుతుంది కనుక చర్మం పైపొరలో నాడిని లెక్కించడానికి అది అనువు. నాడి లయ తప్పితే కొన్ని గడియారాలు హెచ్చరిస్తాయి. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరిశీలన ఫలితం 2019లో వెలువడింది. అలాంటి హెచ్చరిక వచ్చినవారు వందకు ఒక్కరు కూడా లేరు. వారిలో తరవాత ఇ.సి.జి. పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి లయ తప్పిన గుండె కనిపించింది. అంటే హెచ్చరిక వస్తే కంగారుపడకుండా ఇ.సి.జి. తీయించుకోవాలి. రాలేదు గనుక గుండె భేషుగ్గా ఉందనుకోకూడదు.

సూది గుచ్చకుండా చక్కెర చూపిస్తామని అమ్మే గడియారాలు, ఉంగరాలు కూడా బజారులో ఉన్నాయి. అటువంటివాటిలో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాడవద్దని ఎఫ్.డి.ఏ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి వాటిమీద పెన్షను డబ్బు తగలేయకండి.

ఇంట్లో ఎలా వాడాలి?

అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. చల్లని వేళ్ళలో అల చిన్నదైపోయి అంకె తప్పుతుంది. గోళ్ళరంగు తీసేయండి. నల్ల మెహందీ దట్టంగా ఉన్న వేలు వద్దు. చూపుడువేలో, నడిమివేలో పెట్టి, చేయి గుండె ఎత్తున కదలకుండా ఉంచండి. ఎండ నేరుగా పడనివ్వకండి. మొదట వచ్చే అంకెను నమ్మవద్దు. ఒక నిమిషం ఆగితే నిలకడపడుతుంది.

తరవాత ఒక చిన్న పరీక్ష చేయండి. పరికరం నాడి సంఖ్య కూడా చూపిస్తుంది. రెండో చేతి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టండి. మన పెద్దలు చేసిన పనే. రెండూ దగ్గరగా ఉంటే పరికరం సరిగా అందుకున్నట్టు. పరికరం 50 అని, మీ చేతికి 80 తగులుతుంటే ఆ పూట అంకెను నమ్మకండి. అసలే నాడి లయ తప్పినవారికి ఈ పరీక్ష సరిపోదు.

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో వారానికి ఒకసారి చూసి, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. అది మీ అంకె. పక్కింటివారి అంకెతో పోలిక వద్దు. ఎప్పటినుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో కొందరికి డాక్టర్లు 88నుంచి 92 మధ్య చాలంటారు. వారికి ఇంట్లో ప్రాణవాయువు ఇష్టం వచ్చినట్టు పెంచితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఆక్సీమీటరు దాన్ని చూపించదు.

అన్నిటికన్నా ముఖ్యం: ఊపిరి అందకపోతే, ఒక వాక్యం పూర్తిచేయలేకపోతే, పెదవులు నీలబడితే, ఛాతీలో నొప్పి వస్తే, మనిషి మాట తడబడి మగతగా ఉంటే, వేలిమీద 99 ఉన్నా సరే ఆస్పత్రికి వెళ్ళాలి. అంకె తగ్గితే వెళ్ళండి. అంకె బాగుందని మాత్రం ఆగిపోకండి.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన సంఘ కార్యాలయంలో ఆస్పత్రులు వాడే స్థాయి ఆక్సీమీటరు ఒకటి, మంచి బి.పి. మిషను ఒకటి ఉంచుదాం. నెలవారీ సమావేశానికి వచ్చేటప్పుడు ఎవరి పరికరం వారు తెచ్చుకుని దానితో పోల్చి చూసుకోవచ్చు. మరీ తేడాగా చూపించేవి అక్కడే బయటపడతాయి. ప్రతి సభ్యుడికీ ఒక కార్డు ఇచ్చి, మామూలు రోజుల్లో వారి అంకె, నాడి, రక్తపోటు, హిమోగ్లోబిన్, వాడే మందులు అందులో రాయిద్దాం. అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ కార్డు జేబులో ఉంటే డ్యూటీ డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది. ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తూనే ఉన్నాం గదా, దానితోపాటు ఈ కార్డు కూడా ఏటా సరిచూసుకుందాం.

 ఎవరికైనా పరికరం వాడడంలో సందేహాలుంటే భోజనాల తరవాత ఇక్కడే ఉంటాను. నేను తెచ్చిన పరికరం బల్లమీద ఉంది, వచ్చి చూసుకోండి.